నాయనమ్మ వెనక్కి తీసుకున్న వాక్యాలు

మొన్న ఆదివారం పొద్దున ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకోబోతుండగా మా చెల్లెలు కుటుంబం గ్రూపులో ఒక వీడియో పంపింది. చూడకపోతే మధ్యాహ్నం ఫోన్ చేసి మరీ నిలదీస్తుంది గనుక చూశాను. పెద్ద వేదిక, రంగురంగుల దీపాలు, మండుటెండల్లో కూడా కోటు విప్పని ఒక బోధకుడు, ఆయన ముందు వణుకుతూ ఒక ముసలావిడ. ఆయన ఆవిడ నుదుటి మీద అరచెయ్యి పెట్టి ఒక్క తోపు తోసి, కళ్ళజోడు లాగి కింద పడేసి, నిగనిగలాడే బూటుకాలితో దాన్ని పటపటమని తొక్కాడు. జనం ఒకటే కేరింతలు. ఆవిడా నవ్వుతోంది గాని, ఎవరూ లేని వైపు చూసి నవ్వుతోంది. ఇడ్లీ ముక్క నోట్లోనే ఉండిపోయింది, మింగలేను, కక్కలేను. వీడియో కింద మా చెల్లెలు చేతులు జోడించిన బొమ్మలు అరడజను పెట్టింది.

నా వయసు అడగకండి, యాభై దాటి ఎంత దూరం వచ్చానో చూసుకోవడం మానేశాను. నా సంగతి తెలిసినవాళ్ళు నా మాట నమ్మరు. మా ఆయన అయితే ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా, ఈవిడ చెప్పినదాంట్లో సగం కోసేసి, మిగిలిన సగాన్ని మళ్ళీ సగం చేసుకోండి అని ముందే హెచ్చరిస్తాడు. ఆయన్ని తప్పుపట్టను. కృష్ణ కాలవలో మొసలి నా రిబ్బను పట్టుకుని ఈడ్చిందని పెళ్ళికి ముందు ఆయనకి చెప్పింది నేనే. కానీ ఇప్పుడు చెప్పబోయేది కోసుకోనక్కర్లేదు. ఇంకా చెప్పాలంటే, ఇంతకాలం ఎవరికీ చెప్పకపోవడానికి కారణం ఇందులో నేను కల్పించింది ఏమీ లేకపోవడమే. కల్పించినదంతా అప్పుడు జరిగిన సంగతిలోనే ఉంది, అదే నా రోత.

డెబ్బయ్యో పడి మధ్యలో, నేను ఏడో తరగతి చదివే రోజుల్లో, మా ఊరు హనుమాన్ జంక్షన్‌కి నాలుగు మైళ్ళ దూరంలో కాలవగట్టు పక్కన ఉండేది. నాన్న మిషను బడిలో పంతులు. నాయనమ్మ బైబిలమ్మ. ఈ కాలం పిల్లలకి ఆ మాట చెబితే అదేదో మారుపేరు అనుకుంటారు గాని, మనకి తెలుసు కదా, అది ఉద్యోగం. తెల్లచీర, భుజాన గుడ్డసంచి, సంచిలో నల్లట్ట బైబిలు, నాలుగు పేటల బాధ్యత. పొలాల నుంచి ఆడవాళ్ళు తిరిగొచ్చి చింతపండు పిక్కలు తీస్తూనో, పేలు కుక్కించుకుంటూనో అరుగుల మీద చేరే మధ్యాహ్నప్పూట వెళ్ళి, వాళ్ళ మధ్య కూర్చుని వాక్యం చదివి, దాని మంచీ చెడూ మాట్లాడి, ఎవరికి జ్వరమో ఎవరికి మొగుడితో తగువో తెలుసుకుని, ప్రార్థన చేసి రావడం. తాతయ్య పోయాక, ముప్పయ్యైదేళ్ళ వయసులో ఆవిడ అక్షరాలు నేర్చుకుంది. అప్పుడే బడిలో వేసిన మా నాన్నా, ఆవిడా ఒకే పలక మీద దిద్దుకున్నారట. అలా కష్టపడి సంపాదించుకున్న చదువు గనుక కాబోలు, ఆవిడకి చదవడమంటే అన్నం తినడంకన్నా ఇష్టం.

అలాంటి మనిషికి రెండు కళ్ళలోనూ శుక్లాలు దిగాయి. మొదట సూది బెజ్జం పోయింది, తర్వాత బియ్యంలో రాళ్ళు పోయాయి, ఆఖరికి అక్షరాలు చీమల బారులా కలిసిపోయాయి. అయినా పేటలకు వెళ్ళడం మానలేదు. బడి విడిచాక రోజూ సాయంత్రం నేను ఒక అధ్యాయం చదివి వినిపించాలి, ఆవిడ రెండుసార్లు విని మనసులో పెట్టుకుని మర్నాడు మధ్యాహ్నం పేటల్లో అప్పజెప్పాలి. ఇదీ ఏర్పాటు.

కీర్తనలూ, సువార్తల్లో చాలా భాగం ఆవిడకి కంఠస్థం. పాత నిబంధనే కొంచెం కొత్త. అక్కడే నాకు సందు దొరికింది. ఎవరు ఎవరిని కన్నారో పేజీల కొద్దీ ఉండే వంశావళులూ, గుడారానికి ఎన్ని మూరల తెర కావాలో చెప్పే కొలతలూ చదవలేక, బయట తొక్కుడుబిళ్ళ ఆడుతున్న పిల్లల గోల వినలేక, నేను నాలుగు నాలుగు వచనాలు ఎగరగొట్టేదాన్ని. ఒకరోజు నాయనమ్మ, "ఇదేంటే, ఇవాళ అధ్యాయం ఇంత పొట్టిగా ఉందీ?" అంది. ఎగరగొట్టిన చోట ఏదో ఒకటి పెట్టి పూడ్చాలి కదా. పూడ్చాను.

పూడ్చడం ఎంత తేలికో తెలిస్తే మీకూ భయమేస్తుంది. ముందర 'అంతట' అనాలి, మధ్యలో 'మరియు' అనాలి, చివర మాటని 'ను'తో ముగించాలి, గొంతు కొంచెం కిందికి దించాలి. అంతే, మా పెరట్లో గేదె కూడా లేఖనంలోకి నడిచిపోతుంది. నిజంగానే నడిచింది. 'అంతట గేదె ఓడలోనికి ఎక్కనొల్లక నిలిచెను. మరియు నోవహు భార్య గంపెడు తవుడు దాని యెదుట ఉంచగా అది లోపలికి వచ్చెను.' నాయనమ్మ కళ్ళు మూసుకుని విని, "స్తోత్రం. ఆడమనిషి లేకపోతే ఆ ఓడ కదిలేదే కాదు" అని మురిసిపోయింది. ఆ మురిపెం చూశాక నేనింక ఆగలేదు. సువార్తల్లోకి కూడా చెయ్యి పెట్టాను. యేసు చెయ్యి తగలగానే పేతురు అత్తకి జ్వరం తగ్గి, లేచి అందరికీ వడ్డించిందని కదా ఉంది. ఆ వడ్డన నాకు బోసిగా అనిపించింది. 'ఆ దినమున కూరలో ఉప్పు లేకపోయెను. శిష్యులు ఒకని ముఖము ఒకడు చూచుకొనిరి గాని, ఆయన మాత్రము బాగున్నదమ్మా అని మరల వడ్డించుకొనెను.' నాయనమ్మ దీన్ని మూడుసార్లు చదివించుకుంది. ఇన్నేళ్ళూ ఈ మాట నా కంటికి ఎట్టా ఆనలేదే అని ఆశ్చర్యపోయింది.

అలా ఆరేడు నెలల్లో పదకొండు కథలు చేర్చాను. పేటల్లో ఆడవాళ్ళు, బైబిలమ్మ ఈమధ్య మంచి మంచి సంగతులు చెబుతోందని చెప్పుకోవడం నా చెవిన పడేది. దేవుడి పక్కన పీట వేసుకుని కూర్చుని, ఆయన కలం కాసేపు అడిగి తీసుకున్నంత గర్వంగా ఉండేది నాకు. సిగ్గు అన్నది అప్పటికి నాకింకా పుట్టలేదు.

ఇంతలో మిషను డాక్టర్లు జనవరి నెలాఖరున జంక్షన్ హైస్కూల్లో కళ్ళ ఆపరేషన్ల క్యాంపు పెడుతున్నారని కబురొచ్చింది. నాన్న వెంటనే వెళ్ళి నాయనమ్మ పేరు రాయించి వచ్చాడు. ఆవిడ సంతోషం చెప్పలేను. సోడాబుడ్డి కళ్ళజోడు వస్తుందట, అది పెట్టుకుంటే పాతికేళ్ళ పడుచుకి కనిపించినట్టే అక్షరాలు కనిపిస్తాయట. అద్దాలు రాగానే చేసే మొదటి పని ఏమిటో కూడా మా అందరికీ చెప్పింది. "ఆదికాండం మొదలుకొని నా మనవరాలు చదివినయ్యన్నీ మళ్ళీ నా కళ్ళతో చదువుకుంటా. ముందుగా ఆ ఉప్పు మాట యాడుందో చూడాల."

ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సహించలేదు. నాన్న చేతి చింతబరికె ఒక భయం. అంతకు మించింది ఇంకోటి, నా గొప్పంతా బూటకమని నాయనమ్మకి తెలిసిపోతుందన్నది. పన్నెండేళ్ళ పిల్లనే, కాదనను. కానీ ఆవిడ కళ్ళూ నా గుట్టూ రెండూ ఎదురెదురుగా నిలబడితే నేను గుట్టు వైపు నిలబడ్డాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ వాక్యం రాస్తుంటే నా చెయ్యి నాకే అసహ్యంగా కనిపిస్తోంది.

కొత్త సంవత్సరం నాటి వాగ్దానం చీటీలు మీకు గుర్తుండే ఉంటాయి. మా గుళ్ళో జనవరి ఒకటి పొద్దున ఆరాధన కాగానే బల్ల మీద పెద్ద ఇత్తడి పళ్ళెంలో సన్నగా చుట్టి దారం కట్టిన చీటీలు పెట్టేవారు. ఒక్కొక్కరూ వెళ్ళి ఒకటి తీసుకోవాలి, అందులో ఉన్న వచనమే ఆ ఏడాదంతా ఆ మనిషికి దేవుడిచ్చిన మాట. నాన్నకి ఈ పద్ధతి మీద మనసులో చిరాకే. దేవుడు తిట్టిన మాట ఒక్కటీ ఆ పళ్ళెంలోకి రాదు, అంతా బెల్లమే ఏరుకొస్తారు అని గొణిగేవాడు. అయినా సంఘం అడిగితే కాదనలేక వచనాలు ఏరి ఇచ్చేవాడు, నా దస్తూరీ బాగుంటుందని రాసే పని నాకు అప్పగించేవాడు.

ఆ ఏడు నేను ఒక చీటీ ఎక్కువ రాశాను. గుడ్డివాళ్ళ కళ్ళు తెరుచుకుంటాయని యెషయా ప్రవక్త చెప్పిన మాట ఉంది కదా, అది. ఆ మాట చేతికొస్తే నాయనమ్మ దేవుణ్ణే నమ్ముకుని డాక్టర్ల దగ్గరికి వెళ్ళదని నా లెక్క. ఈసారి అందులో నా సొంత కవిత్వం ఏమీ లేదు, దేవుడి మాటే. దేవుడి మాటనే దొంగసొత్తులా గుప్పిట్లో దాచుకుని గుడికి వెళ్ళాను. నాయనమ్మని చెయ్యి పట్టుకుని పళ్ళెం దాకా తీసుకెళ్ళేది నేను, చీటీ తీసి ఆవిడ చేతిలో పెట్టేది నేను. అదేం పెద్ద గారడీ కాదు.

ఆ రోజు బెజవాడ నుంచి ఒక ప్రసంగీకుడిని పిలిపించారు. మనిషి ఎర్రగా, బొద్దుగా, సెంటు వాసనేస్తూ ఉండేవాడు. చీటీ అందుకుని పైకి చదివాడు. ముందు నిలబడ్డ మనిషి కళ్ళ మీద తెల్లటి పొరలు చూశాడు. అంతే, కోడిపిల్లని చూసిన గద్దలా వాలిపోయాడు. చేతులు పైకెత్తి, "కత్తి తగలకుండా, కట్టు కట్టకుండా, ఈ సంవత్సరంలోనే ఈ తల్లి కళ్ళు తెరుచుకుంటాయి! నమ్ముతున్నావా తల్లీ?" అని అరిచాడు. "నమ్ముతున్నానయ్యా" అంది నాయనమ్మ, రెండు చేతులూ జోడించి. ఇంత స్పష్టంగా మాట వచ్చాక డాక్టర్ల దగ్గరికి పరుగెత్తడం అంటే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చెయ్యడమేనని కూడా ఆయన సెలవిచ్చాడు. పక్కనే మా అయ్యగారు, అదే మా పాస్టరు గారు, ముక్కు మీద ఇంత మందం కళ్ళజోడు పెట్టుకుని అవునవునని తల ఊపారు.

ఇంటికొచ్చాక నాన్న బతిమాలాడు. "అమ్మా, డాక్టరు చేతిని కూడా దేవుడే చేశాడు. చేయించుకోవే."

"చీటీ అబద్ధమాడదురా" అంది నాయనమ్మ. "దాన్ని నా చేతికి చేర్చింది దేవుడే."

నేను వంటింట్లో నిలబడి వింటున్నాను. చేర్చింది ఎవరో తెలిసిన మనిషిని ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. నోరు విప్పలేదు. పైగా, ఆ రాత్రి కడుపునిండా అన్నం తిన్నాను.

క్యాంపు వచ్చింది, పోయింది. మా ఎదురింట్లో ఒక పెద్దమ్మ ఉండేది, గుణదల మేరీమాత తిరనాళ్ళకి ఏటా నడిచి వెళ్ళే మనిషి. ఆవిడ చేయించుకుని, కట్టు విప్పాక మా గుమ్మంలో నిలబడి సూదిలో దారం ఎక్కించి చూపించింది. నాయనమ్మ స్తోత్రం అని, కాసేపటికి చిన్న గొంతుతో, "బెజ్జం కనపడిందా, నిజంగా?" అని అడిగింది. ఆ అడగడంలో ఉన్న ఆశ నాకు అప్పుడు అర్థం కాలేదని అబద్ధం చెప్పను. అర్థమైంది. అర్థమయ్యే బయటికి వెళ్ళి తొక్కుడుబిళ్ళ ఆడుకున్నాను.

మే నెలలో ఒక పొద్దున నాయనమ్మ తల పట్టుకుని వాంతులు చేసుకుంటూ లేచింది. కళ్ళు రెండూ మిరపపళ్ళలా ఉన్నాయి. నాన్న మమ్మల్ని బస్సెక్కించి విజయవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. నాయనమ్మకి నా భుజం మీద చెయ్యి వేసి నడవడం అలవాటు గనుక నేనూ వెళ్ళాల్సి వచ్చింది. డాక్టరు దీపం వేసి చాలాసేపు చూశాడు. శుక్లాలు ముదిరిపోయి, లోపల ఒత్తిడి పెరిగి, చూపునరం చచ్చిపోయిందన్నాడు. నొప్పి తగ్గించగలను గాని చూపు తేలేనని, మందు వేసి రెండు కళ్ళకీ కట్టు కట్టాడు. "చలికాలంలో తీసుకొచ్చుంటే సరిపోయేది కదండీ మాస్టారూ, చదువుకున్నవాళ్ళు మీరే ఇట్టా చేస్తే ఎట్టా?" అన్నాడు. నాన్న తల దించుకున్నాడు. నా తప్పుకి ఆయన తల దించుకోవడం చూస్తూ నేను గోడ మీద బల్లిని చూస్తున్నట్టు నటించాను.

బయటికొచ్చాక నాయనమ్మ ఊరికి పదమనలేదు. ఆ ప్రసంగీకుడి ఇంటికి తీసుకెళ్ళమంది. మాట చెప్పింది ఆయన, మాట ఏమైందో ఆయన్నే అడగాలంది.

ఆయన ఇల్లు గుణదల కొండ కనిపించేంత దూరంలో ఉండేది. వరండాలో బెంచీల మీద ప్రార్థన కోసం వచ్చినవాళ్ళు కూర్చుని ఉన్నారు. పక్కన కూర్చున్న ఒకావిడ మాది ఏ ఊరని అడిగింది. నాన్న చెప్పాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"అయితే మీ ఊళ్ళోనేగా అండీ, కళ్ళొచ్చిన బైబిలమ్మ ఉంది? మొన్న గుడివాడ సభల్లో ఈ అయ్యగారే చెప్పారు. చీటీ చేతిలో పెట్టుకోంగానే పొరలు చేప పొలుసుల్లా రాలిపోయినాయంట! ఆ తల్లిని ఒక్కసారి చూడాలని నాకు ఎంత కోరికో!"

ఆవిడ చూస్తున్నది ఆ తల్లినే. నాయనమ్మ కట్టుగుడ్డ కింద నుంచి మొహం అటు తిప్పింది. బెంచీ అంచుని పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. చేప పొలుసులట! లేఖనంలో ఇంకెవరి కళ్ళ నుంచో రాలినవి తెచ్చి మా నాయనమ్మకి అతికించాడు. ఉన్న వాక్యానికి లేని ముక్క ఎలా అతకాలో, గొంతు ఎక్కడ దించాలో తెలిసిన పనివాడు. నా వృత్తివాడే. సెంటు పూసుకుని, జుట్టు దువ్వుకుని, పెద్దయ్యాక నేను ఎలా ఉంటానో చూపించడానికి ఎవరో అద్దం తెచ్చి నా ముందు పెట్టినట్టుంది.

ఆయన భోంచేసి, మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. నాన్న సంగతి చెప్పాడు. ఆయన గట్టిగా నిట్టూర్చి, వాగ్దానం తప్పేది కాదనీ, ఆటంకం మన వైపే ఉంటుందనీ అన్నాడు. "మీ ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో దాగి ఉంది. అదే అడ్డుపడింది."

ఆయన నోటి వెంట ఆ రోజు వచ్చిన నిజం అదొక్కటే. తను నిజం చెప్పానని ఆయనకే తెలియదు. ఆ నిజం రెండు జడలు వేసుకుని ఆయన ముందే నిలబడి ఉంది.

నాయనమ్మ లేచి నిలబడింది. "అయ్యా, నాకు కళ్ళొచ్చినాయని ఎన్ని ఊళ్ళల్లో చెప్పారు? ఆ ఊళ్ళకి నన్ను తీసుకెళ్ళండి. రాలేదని నేను చెప్పుకుంటా. అబద్ధం తిరుగుతా ఉండకూడదు కదయ్యా, దేవుడి పేరు మీద."

ఆయన నవ్వాడు. పెద్దావిడ బాధలో ఉంది, ఇంటికి తీసుకెళ్ళండి మాస్టారూ అన్నాడు. తర్వాత రెండేళ్ళ పాటు ఆయన ఆ చేప పొలుసుల సాక్ష్యాన్ని సభసభకీ మోశాడని మాకు కబుర్లు వస్తూనే ఉండేవి.

బస్సులో నేను కిటికీ లోంచి రెండుసార్లు వాంతి చేసుకున్నాను. నాయనమ్మ నా వీపు రాసింది. ఆ చెయ్యి వీపు మీద తిరుగుతుంటే ఇంక ఉండలేకపోయాను. జంక్షన్‌లో దిగి, మా ఊరి బస్సు ఎప్పుడో కనుక్కోవడానికి నాన్న అటు వెళ్ళగానే, లారీల మోత మధ్య బల్ల మీద కూర్చుని చెప్పేశాను. చీటీ సంగతీ, చీటీ ఎందుకు మార్చానో ఆ సంగతీ, గేదే, తవుడూ, ఉప్పూ, అన్నీ.

నాయనమ్మ నా భుజం మీద చెయ్యి తీసేసింది. లేచి తనంతట తను మూడడుగులు వేసింది. అంతకంటే ముందుకు వెళ్ళడానికి ఆవిడకి దారి తెలియదు. అలాగే నిలబడింది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. చాలాసేపటికి ఆ చెయ్యి మళ్ళీ నా భుజాన్ని వెతుక్కుంది. ప్రేమతో అనుకోకండి, ఇంకో ఆధారం లేక.

"ఎన్ని?" అంది.

"పదకొండు."

"ఒక్కోటీ చెప్పు. యాడ కలిపావో, ఎంత కలిపావో. నా కళ్ళ సంగతి తర్వాత. నేను వాక్యమని చెప్పొచ్చా కదే, నాలుగు పేటలకి."

తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆవిడకి ముందు గుర్తొచ్చింది ఆ ఆడవాళ్ళు. నాన్నకి ఇంటికొచ్చాక చెప్పింది. నాన్న నన్ను కొట్టలేదు, నేను చీటీలు రాసే కలం తీసుకుని బడి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఆ ఆదివారం గుళ్ళో సాక్ష్యాల వేళ నాయనమ్మ లేచి, తనకి చూపు రాలేదనీ, రాదనీ, చీటీ దేవుడు ఇచ్చింది కాదనీ చెప్పింది. నన్ను పక్కన నిలబెట్టింది గాని నా మీదికి నెట్టలేదు, మా ఇంటి తప్పు అంది. అయ్యగారు మధ్యలోనే కంగారుపడి, "ఎందుకమ్మా ఇయ్యన్నీ, సంఘానికి పరువు తక్కువ" అన్నారు. "పరువు సంఘానిదా అయ్యా, వాక్యానిదా?" అంది నాయనమ్మ. అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

సోమవారం నుంచి బయల్దేరాం. ఎండలో, నా భుజం మీద చెయ్యి వేసుకుని, సంచిలో బైబిలు పెట్టుకుని, ఇంటింటికీ. ఏ ఇంట్లో ఏ కథ చెప్పిందో ఆవిడకి తు.చ. తప్పకుండా గుర్తు. గుమ్మంలో నిలబడి, నేను ఫలానా రోజు మీకు చెప్పింది వాక్యం కాదు, వెనక్కి తీసుకుంటున్నా అని చెప్పడం, అసలు వాక్యం ఏమిటో నా చేత చదివించడం. ఒక్కో చోట ఆడవాళ్ళు నన్ను చూసి చీదరించుకున్నారు. ఒకావిడ వాకిట్లో ఉమ్మేసి, ముసలిదాని కళ్ళు తిన్నావు కదే అంది. అది నాకు దక్కాల్సిందే. కానీ ఎక్కువమందికి ఆ కథలు పోవడమే ఇష్టం లేకపోయింది. గేదె మొండికేసి ఉండదా ఏంటమ్మా, దాని బుద్ధి మాకు తెలవదా, ఉండనీ అనేవారు.

రెండో పేటలో ఒక కోడలు ఉండేది. అత్తతో ఆర్నెల్లు మాటల్లేవట. ఉప్పు కథ విన్న సాయంత్రం, జ్వరం నుంచి లేచిన అత్త వండిన చప్పటి కూరని నోరెత్తకుండా తిని, బాగుందత్తా అందట. అప్పట్నుంచి ఇద్దరూ ఒక కంచంలో తింటున్నారు. నాయనమ్మ వచ్చిన పని చెప్పగానే ఆ పిల్ల బిత్తరపోయింది.

"అయితే మా అత్తని నేను క్షమించింది ఉత్తినేనా బైబిలమ్మా?"

"క్షమించింది నువ్వే కదే పిచ్చిదానా. అది నీది, దాన్ని ఎనక్కి తీసుకోమాక. కత మటుకు నాకిచ్చెయ్."

లోపల్నుంచి అత్త, "ఉప్పు మాత్రం ఇప్పుడు సరిగ్గానే ఏస్తున్నానమ్మా!" అని కేక పెట్టింది. ఆ ఎండలో, ఆ నెలలో, నాయనమ్మ నవ్వింది ఆ ఒక్కసారే.

తర్వాత కూడా సాయంత్రాలు నేనే చదివాను, ఆవిడ పోయేదాకా, తొమ్మిదేళ్ళు. ఒక్క వచనం ఎగరగొట్టలేదు, వంశావళులన్నీ, మూరలన్నీ చదివాను. నన్ను క్షమించానని ఆవిడ ఎప్పుడూ అనలేదు, నేను అడగలేదు. చదువుతుంటే మాత్రం, వెనకటిలా కళ్ళు మూసుకుని వినేది కాదు, చూపులేని ఆ కళ్ళని తెరిచి నా వైపే పెట్టుకుని వినేది.

ఇప్పుడు ఆ పేటల్లో అన్నీ డాబాలు. మధ్యాహ్నం అరుగు మీద చేరే ఆడవాళ్ళూ లేరు, చేరడానికి అరుగులూ లేవు. తెల్లచీర కట్టుకుని నడిచొచ్చే మనిషి అసలే లేదు. బోధ ఆగిందా అంటే ఆగలేదు, వెనకటికంటే వెయ్యి రెట్లు పారుతోంది, పడగ్గదిలోకి, వంటింట్లోకి, దిండు కిందికి. నాకు కంపరం పుట్టించేది అందులో అబద్ధం ఉండటం కాదు, అబద్ధం మా రోజుల్లోనూ ఉంది, నేనే సాక్ష్యం. కాళ్ళతో నడిచివెళ్ళి చెప్పిన మాటని కాళ్ళతో నడిచివెళ్ళి వెనక్కి తెచ్చుకోవచ్చు. ఏ ఇంట్లో దూరిందో చెప్పినవాడికే తెలియని మాటని ఎవరు ఏ గుమ్మం ముందు నిలబడి వెనక్కి అడుగుతారు? అడగాలన్న బాధ అసలు ఎవరికి ఉంది?

నాయనమ్మకి ఆ బాధ చివరిదాకా ఉంది. పదకొండు కథల్లో పది వెనక్కి వచ్చాయి. ఒకటి మిగిలిపోయింది. నాలుగో పేటలో కొత్తగా కాపురానికి వచ్చిన ఒక పిల్లకి, కన్నవాళ్ళని తలుచుకుని ఏడుస్తుంటే, యెరికో పట్నం గోడలు కూలినప్పుడు, దేవుడు కాపాడిన రాహాబు ఇంటి వాకిట్లో మల్లెపందిరి ఒక్క పువ్వు కూడా రాలకుండా నిలిచిందని నాయనమ్మ చెప్పి ఓదార్చిందట. మేము వెళ్ళేసరికి ఆ పిల్ల, మొగుడితో కలిసి బెజవాడ వెళ్ళిపోయింది. ఎక్కడుంటారో అత్తగారికే తెలియదు. ఎవరు బెజవాడ నుంచి వచ్చినా నాయనమ్మ, ఆ పిల్ల కనపడిందా అని అడిగేది. మంచంలో ఉండి మాట తడబడే రోజుల్లో కూడా అడిగింది. పెళ్ళై నేనూ ఈ బెజవాడకే వచ్చాక ఎన్ని గుళ్ళలో, ఎన్ని స్త్రీల కూడికల్లో వెతికానో. పేరు తెలుసు, మొహం గుర్తులేదు.

ఆ పిల్ల ఉంటే ఇప్పుడు డెబ్బై దాటి ఉంటుంది. ఆ కథ పిల్లలకి చెప్పే ఉంటుంది, మనవలకీ చెప్పే ఉంటుంది. ఇది చదివేవాళ్ళలో ఎవరి ఇంట్లోనైనా, అమ్మో అమ్మమ్మో ఆ పందిరి మాట చెప్పి ఉంటే, మా నాయనమ్మ తరఫున మీ గుమ్మంలో నిలబడి చెబుతున్నాను, అది వాక్యం కాదు. గోడ కూలింది నిజం, ఆ ఇల్లు మిగిలింది నిజం. మల్లెపందిరి లేదమ్మా. అది నేను వేసింది.